మీకు తెలుసా? తాయెత్తులో దొరికిన దీవెన

హీబ్రూ బైబిల్లోని వాక్యాలకు ఇంతవరకు దొరికిన అత్యంత పాత ప్రతి తోలు మీదో, పపైరస్ మీదో లేదు. రెండు చిన్న వెండి రేకుల మీద ఉంది!

1979లో జెరూసలేం పాత నగరానికి నైరుతిన, కెతెఫ్ హిన్నోమ్ అనే చోట పురావస్తు శాస్త్రవేత్త గేబ్రియేల్ బార్కాయ్ బృందం రాతి సమాధులను తవ్వుతోంది. సాయానికి వచ్చిన ఓ కుర్రాడు విసుగెత్తి సుత్తితో నేలను బాదాడట. అడుగున ఉన్నది నేల కాదు, ఎప్పుడో విరిగిపడిన పైకప్పు పెచ్చు! దాని కింద దొంగల కంటపడని నగలు, కుండలు, ఎముకలతో పాటు చుట్టలుగా ఉన్న ఈ వెండి రేకులు బయటపడ్డాయి. మన తాయెత్తుల్లోని రాగిరేకుల్లాగే బిగించి చుట్టినవి. పట్టుకుంటే పొడి రాలేంత పెళుసు. విప్పడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. పెద్దది విప్పితే పొడవు పది సెంటీమీటర్లకు కాస్త తక్కువే.

గీతల్లాంటి సన్నటి అక్షరాల్లో కనిపించింది సంఖ్యాకాండము ఆరో అధ్యాయంలోని యాజకుల దీవెన. కొన్ని తెలుగు చర్చిల్లో ఆరాధన ముగింపులో వినిపించేదీ ఇదే. లిపిని బట్టి క్రీ.పూ. 600 ప్రాంతానిదని ఎక్కువమంది పండితుల అంచనా. అంటే ప్రసిద్ధమైన మృత సముద్రపు చుట్టల కంటే శతాబ్దాల పాతది. అయితే సంఖ్యాకాండమంతా అప్పటికే గ్రంథంగా ఉందని దీన్నిబట్టి చెప్పలేం. ఆ దీవెన మాత్రం జనం మెడల్లో ఉండేది.