కాల్చనక్కరలేని క్రిస్మసు తీపి

క్రిస్మసు విందు అనగానే తెలుగు క్రైస్తవ గృహములలో మొదట జ్ఞప్తికి వచ్చునవి అరిసెలు, కజ్జికాయలు, జంతికలు, ఆపైన కేకు. పిండివంటలకు మన ఇంటి పొయ్యి చాలును. కేకునకు మాత్రము ఓవెను కావలెను. అది లేనివారు వెన్న, చక్కెర, గుడ్లు, పిండి కలిపి పాత్రలకెత్తి, దగ్గరలోని బేకరీకి తీసికొనిపోయి కాల్పించుకొనుట హైదరాబాదులో పాత అలవాటే. పండుగ వారములో అక్కడ ఎంతసేపు నిలువవలసివచ్చునో గృహిణులకు వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత కాల్చు పని లేకుండ, ముందునాటి రాత్రియే సిద్ధపరచి ఉంచదగిన ఇటలీదేశపు తీపి వంటకమొకదానిని గూర్చి ఈ ప్రసంగములో వివరింపదలచితిమి. దాని పేరు తిరమిసు.

ఇటాలియను భాషలో ఈ మాటకు "నన్ను పైకి లేపుము" అని అర్థము. కాఫీయు, తీపియు కలిసి అలసిన మనిషికి ఉత్సాహము కలిగించునని ఆ పేరు వచ్చినది. ఇది ప్రాచీనమైన వంటకమని పలువురు తలచుచుందురు గాని, అట్లు కాదు. ఇటలీ ఈశాన్యభాగమున వెనెతో ప్రాంతములోని త్రెవీజో పట్టణమందు, లె బెక్కెరియె అను భోజనశాలలో 1970ల ఆరంభమున ఇది రూపొందినదని ఎక్కువమంది చెప్పుదురు. పొరుగున ఉన్న ఫ్రియూలి ప్రాంతమువారు ఇది తమదేయని వాదింతురు. 2017లో ఇటలీ వ్యవసాయ మంత్రిత్వశాఖ దీనిని ఫ్రియూలి సంప్రదాయాహారముల జాబితాలో చేర్చగా, వెనెతోవారు ఊరకుండలేదు. కాజా విషయమున కాకినాడకును తాపేశ్వరమునకును గల పోటీని ఎరిగిన మనకు ఈ వివాదము వింతగా తోపదు.

ఇటలీతో హైదరాబాదునకు సంబంధము కొత్తది కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి ఇచటి కతోలిక పీఠమును మిలాను నగరపు మిషను సంఘమునకు చెందిన ఇటలీ గురువులు నడిపిరి. 1953లో జోసెఫ్ మార్క్ గోపుగారు బిషప్పు పదవిని స్వీకరించువరకు ఆ పీఠముపై ఇటలీవారే ఉండిరి. మిలాను రాజధానిగా గల లొంబార్దీ ప్రాంతమే తిరమిసునకు ప్రాణమైన మస్కర్పోనె అను మీగడ జున్నుకు పుట్టినిల్లు. ఆ గురువులు తమ స్వదేశమున మస్కర్పోనె ఎరిగియుండవచ్చును గాని, తిరమిసును మాత్రము ఎరుగరు. వారి కాలమునకు అది ఇంకను పుట్టలేదు.

ఇది వంటకపు చరిత్ర. విందు చేయువారికి అసలు చిక్కు వేరొకటి కలదు.

చాంద్రాయణగుట్టనే ఉదాహరణముగా తీసికొందము. దీనికి కేశవగిరి అనియు పేరు. గుట్టపై చెన్నకేశవస్వామి ఆలయమున్నది. సమీపముననే బార్కాస్ ఉన్నది. నిజాము ప్రభువుల కొలువున సైనికులుగా చేరిన యెమెన్ దేశపు హద్రమౌత్ అరబ్బుల వంశీయులు అచట నివసించుచున్నారు. సైనికుల నివాసములగు "బ్యారక్సు" అను మాటయే బార్కాస్ అయినది. ఇట్టి పేటలో ఒక క్రైస్తవ కుటుంబము క్రిస్మసునాడు ఇరుగుపొరుగులను పిలిచినదనుకొనుడు. ఒకే బల్ల చుట్టును ఎన్ని నియమములు కూర్చుండునో ఆలోచింపుడు! ముస్లిము సోదరులు మద్యము కలిసిన పదార్థమును ముట్టరు. శాకాహారులైన హిందూ కుటుంబములవారు గుడ్డు తినరు. పశువుల ఎముకలనుండి, చర్మమునుండి తీయు జెలటిను ఈ రెండు తెగలవారిలో అనేకులకు పనికిరాదు.

అతిథి ఇవన్నియు అడుగునా? సాధారణముగా అడుగడు. పండుగనాడు ప్రేమతో అందించిన గిన్నెను చేతబట్టుకొని, "ఇందులో ఏమేమి కలిపినారు?" అని అడుగుట మర్యాద కాదని సంకోచించును. తినకుండ ప్రక్కన ఉంచిన ఇంటివారి మనసు నొచ్చును. తిని, తరువాత సంగతి తెలిసినచో తన మనసు నొచ్చును. కనుక ఈ భారము అతిథిది కాదు, పిలిచినవారిది. పొరుగువారి నియమమును వారు చెప్పకముందే ఎరిగి వండుట ఆతిథ్యములో మొదటి పాఠము.

ఈ దృష్టితో తిరమిసును పరిశీలింతము. హోటళ్లలో చేయు తిరమిసులో మార్సాలా అను ద్రాక్షసారాయినో, రమ్మునో కాఫీలో కలుపుట కలదు. అయితే త్రెవీజోవారి మొదటి వంటకములో మద్యము లేదు. కాబట్టి దానిని మానివేయుటవలన వంటకమునకు లోపము రాదు సరికదా, అది తన మొదటి రూపమునకే చేరును. ఇచట ఒక హెచ్చరిక. సువాసనకై వాడు వెనిల్లా సారములలో పెక్కు మద్యసారములో తయారగును. కాఫీ, కోకో పరిమళములున్న ఈ వంటకమునకు వెనిల్లా అవసరము లేదు; దానిని విడిచిపెట్టుటయే మేలు.

రెండవది గుడ్డు. ఇటలీవారు పచ్చసొనను చక్కెరతో గిలకొట్టి కలుపుదురు. దీనివలన వంటకమునకు చిక్కదనము వచ్చునుగాని, ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా అను రోగక్రిమి ఉండుటకు అవకాశము కలదు. గర్భవతులకు, పసిపిల్లలకు, వృద్ధులకు అది అపాయకరము. గుడ్డునకు బదులు చిలికిన మీగడను వాడినచో శాకాహారుల సమస్యయు, ఆరోగ్య సమస్యయు ఒక్కసారే తీరును.

మూడవది మస్కర్పోనె. జున్నులు పెక్కింటిని దూడ కడుపునుండి తీసిన రెన్నెట్టుతో తోడువేయుదురు. మస్కర్పోనెకు అది అక్కరలేదు, పులుపు చాలును. అంగడిలో దీని ధర ఎక్కువ. ఇంటిలో చేసికొనుట కష్టము కాదు.

ఎనిమిది మందికి సరిపడు వంటకమునకు ముప్పాతిక లీటరు మీగడ కావలెను. అందు కొవ్వు నూటికి 30 పాళ్లకు తగ్గరాదు; 35 ఉన్నచో మరింత మంచిది. సాధారణముగా అమ్ము డబ్బా క్రీములలో కొవ్వు 25 పాళ్లే ఉండును. అది చిలికినను పొంగి నిలువదు. కేకుల అలంకారమునకు వాడు కొన్ని క్రీములు పాలతో చేసినవి కావు, వనస్పతి నూనెలతో చేసినవి. నిమ్మరసమునకు అవి చిక్కబడవు. కనుక కొనుటకు ముందు డబ్బాపై ముద్రించిన వివరములను చదువవలెను.

అర లీటరు మీగడను ఒక గిన్నెలో పోసి, ఆ గిన్నెను మరుగు నీళ్లున్న పెద్ద పాత్రపై ఉంచి, గరిటెతో మెల్లగా కలుపుచు వేడిచేయవలెను. మీగడ పొంగక, అంచులయందు చిన్న బుడగలు కనబడి ఆవిరి లేచు స్థితికి వచ్చినప్పుడు వేడిమి సుమారు 85 సెంటిగ్రేడు డిగ్రీలుండును. అప్పుడు ఒక పెద్ద చెంచాడు వడగట్టిన నిమ్మరసము పోసి, అదే వేడిమిలో మరి అయిదు నిమిషములు కలుపవలెను. మీగడ గరిటెకు పట్టునట్లు చిక్కబడును. దించి చల్లార్చి, శుభ్రమైన పలుచని గుడ్డ పరచిన జల్లెడలో పోసి, క్రింద గిన్నె ఉంచి, మూతపెట్టి రాత్రియంతయు ఫ్రిజ్‌లో ఉంచవలెను. నీరు దిగిపోగా మెత్తని వెన్నవంటి ముద్ద మూడు వందలనుండి నాలుగు వందల గ్రాములవరకు మిగులును.

పాలు విరుగుట మన ఇండ్లలో ఎవరికిని ఇష్టము లేని సంగతి. ఇచట మాత్రము దానిని కోరి తెచ్చుకొనుచున్నాము. వేడిమివలన పాలలోని మాంసకృత్తులు తమ రూపమును విడుచును. పులుపు తగులగానే అవి ఒకదానినొకటి పట్టుకొని వలవలె ఏర్పడును. పాలలో నీరు ఎక్కువ, కొవ్వు తక్కువ గనుక ఆ వల గట్టిపడి ముక్కలుగా విడిపోవును, అది పనీరు. మీగడలో కొవ్వు ఎక్కువ గనుక వల కంతలలో కొవ్వు నిండి, ముక్కలు కాక నున్నగా నిలుచును, ఇది మస్కర్పోనె.

ఇక బిస్కత్తు. ఇటలీవారు సవొయార్ది అను తేలికైన పొడవాటి బిస్కత్తులు వాడుదురు. వానికి బదులు మన బేకరీలలో దొరకు రస్కులు చక్కగా పనికివచ్చును. డబుల్ కా మీఠాలో వేచిన రొట్టె పాకమును పీల్చుకొనునట్లే, ఎండిన రస్కు కాఫీని పీల్చుకొనును. ఉస్మానియా బిస్కత్తుయు వాడవచ్చును. దాని ఉప్పదనము తీపికి అందమిచ్చును. కాని వెన్న ఎక్కువగుటచే అది త్వరగా విరుగును గనుక ముంచక, చెంచాతో కాఫీ చల్లుట మంచిది. ఏది కొనినను అందు గుడ్డు కలదో లేదో బేకరీవారినే అడిగి తెలిసికొనవలెను.

కాఫీకి మన ఫిల్టరు డికాక్షనును మించినది లేదు. పాలు కలుపని చిక్కని డికాక్షను ఒకటిన్నర గిన్నెలు తీసి, చెంచాడు చక్కెర వేసి, పూర్తిగా చల్లార్చవలెను. వేడి కాఫీలో రస్కు ముద్దయగును. చికోరీ తక్కువగా ఉన్న పొడి శ్రేష్ఠము. పిల్లలకై విడిగా చేయువారు డికాక్షనునకు బదులు కోకో కలిపిన చల్లని పాలు వాడవచ్చును.

మరునాడు మిగిలిన పావు లీటరు చల్లని మీగడలో 80 గ్రాముల మెత్తని చక్కెరపొడి వేసి, పొంగి మెత్తగా నిలుచువరకు చిలుకవలెను. అంతకు మించిన వెన్న పడును. ఈ సంగతి కవ్వము పట్టిన చేతులకు తెలియనిది కాదు. దానిని మస్కర్పోనెలో కొంచెము కొంచెముగా, గాలి పోకుండ, క్రిందినుండి పైకి కలుపవలెను. రస్కును రెండు మూడు సెకనులు మాత్రము డికాక్షనులో ముంచి తీసి, గాజు పళ్లెములో ఒక వరుస పరచి, దానిపై సగము మీగడ మిశ్రమమును సర్దవలెను. అటులనే మరియొక వరుస, మరియొక పొర. మూతపెట్టి కనీసము ఎనిమిది గంటలు ఫ్రిజ్‌లో ఉంచవలెను. ఈ వ్యవధిలో రస్కు మధ్యభాగము మెత్తబడును, మీగడ బిగియును. కోసినప్పుడు ముక్క విడిపోక నిలుచును. తీపి కలుపని కోకోపొడిని వడ్డించుటకు ముందు మాత్రమే జల్లించవలెను. ముందుగా చల్లినచో తేమ పీల్చి నల్లని మరకలగును.

డిసెంబరు చలి ఉన్నదిగదా అని దీనిని బల్లపై విడువరాదు. పాలపదార్థములను 5 డిగ్రీలకు మించని చల్లదనమున ఉంచవలెను. బయట రెండు గంటలకంటె ఎక్కువ ఉంచరాదు. రెండు మూడు దినములలో తినివేయవలెను.

ముందు చేసి దాచుకొనుటలో మరియొక సౌలభ్యము కలదు. 1998, 1999, 2000 సంవత్సరములలో క్రిస్మసు దినము రంజాను నెలలోనే వచ్చినది. చాంద్రమాన గణనమును బట్టి 2031లో మరల అట్లే రాగలదు. పగలెల్ల ఉపవాసముండు పొరుగువారికి మధ్యాహ్న విందు పనికిరాదు. సాయంకాలము ఇఫ్తారు వేళకు పంపుటకు, ఉదయమునుండి చల్లగా వేచియుండగల ఇట్టి తీపికి మించినది ఏమున్నది?

చివరి మాట ఒకటి. గిన్నె అందించునప్పుడు, "ఇందులో మద్యము లేదు, గుడ్డు లేదు, జెలటిను లేదు, పాలు, కాఫీ, రస్కు మాత్రమే" అని గృహిణి తానే ముందుగా చెప్పవలెను. అతిథి అడుగలేని ప్రశ్నకు అది సమాధానమగును. ఆపై అతడు చెంచా చేతబట్టుటకు సంకోచింపనక్కరలేదు.