పిల్లల రంగుల పెట్టెలో మన అక్షరాలకూ చోటు

వేసవి సెలవులు దగ్గరపడగానే హోసూరైనా, బళ్లారైనా, బరంపురమైనా, షోలాపూరైనా స్టేషనరీ దుకాణాల ముందు పెద్ద పెద్ద రంగుల సెట్లు వేలాడతాయి. మన ఇళ్లలోనూ ఒకటి కొంటాం. పది రోజులకు అందులోని కాగితాలు అయిపోతాయి, నలభై రంగుల్లో ముప్పై అలాగే మిగులుతాయి. ఆ సెట్టులో అక్షరాలు ఉంటే అవి ఇంగ్లీషువో, ఆ రాష్ట్ర భాషవో అయివుంటాయి. తెలుగు కనబడదు.

మనకు ఇది చిన్న విషయం కాదు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున అమలై, 2015-16కి పదో తరగతికి చేరింది. ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడుతూ ఒక్క అక్షరం కూడా రాయలేని పిల్లలు మనకు చాలామందే ఉన్నారు. మిగతా రాష్ట్రాల్లోనూ తెలుగు చెప్పే బడి దగ్గర్లో లేని ఇళ్లది ఇదే పరిస్థితి. యానాం పిల్లలకు బడిలోనే తెలుగు ఉంది కాబట్టి ఈ బెంగ తక్కువ. మిగిలిన మనకు అక్షరం పిల్లల చేతికి అందాలంటే ఇల్లే దిక్కు. కాపీ పుస్తకం పెట్టి కూర్చోబెడితే పారిపోయే పిల్లలు రంగులూ జిగురూ ఇస్తే గంటసేపు కదలరు. అందుకే పెట్టెలో ఏం కొని పెట్టాలో ముందే ఆలోచించుకోవడం మంచిది.

మా మాట ఒక్కటే: రంగులు తక్కువ కొనండి, కాగితం ఎక్కువ కొనండి. ప్రింటింగ్ ప్రెస్సుల్లో కటింగు తర్వాత మిగిలే ముక్కలు అడిగితే చవకగా ఇస్తారు. చెన్నైలో ఆండర్సన్ వీధి, బెంగళూరులో అవెన్యూ రోడ్డు లాంటి చోట కాగితం టోకున దొరుకుతుంది. ప్రింటరులో వాడే కాగితం 75, 80 జీఎస్ఎం ఉంటుంది. క్రేయాన్లకూ పెన్సిళ్లకూ అది చాలు. తడి రంగు వేస్తే మాత్రం ముడతలు పడుతుంది. దానికి 200 జీఎస్ఎం దరిదాపుల్లో ఉండే మందపాటి కాగితం కొన్ని షీట్లు విడిగా తీసుకోండి. పాత పెళ్లిపత్రికల వెనకవైపు ఖాళీగా ఉంటే దానికి మించిన అట్ట లేదు.

పోస్టర్ కలర్లలో ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, నలుపు ఉంటే చాలు. ఆకుపచ్చ ఎలా వస్తుందో పిల్లలే కనిపెట్టాలి, సీసా కొనిస్తే ఆ సరదా పోతుంది. చిన్నపిల్లలకు లావుపాటి మైనపు క్రేయాన్లు, ఆరేడేళ్లు దాటాక ఆయిల్ పాస్టెల్స్. సన్నం, మధ్యరకం, పట్టె కుంచెలు ఒక్కొక్కటి. కడిగిన కుంచెను గ్లాసులో తలకిందులుగా నిలబెడితే వెంట్రుకలు వంగిపోతాయి, పడుకోబెట్టి ఆరనివ్వాలి.

జిగురు ఇంట్లోనే కాయవచ్చు. చెంచా మైదాకు ఐదారు చెంచాల నీళ్లు పోసి, ఉండకట్టకుండా కలిపి, సన్నని సెగమీద చిక్కబడేదాకా తిప్పితే సరి. ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు ఉంటుంది. పోస్టర్లు అంటించేవాళ్లూ, పుస్తకాలు బైండింగు చేసేవాళ్లూ పురుగు పట్టకుండా ఇందులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల జిగురులో వేయకూడదు. అలాగే లూజుగా అమ్మే హోలీ రంగులు, ముగ్గుల్లో వేసే రంగు పొడులు ఈ పెట్టెలోకి వద్దు. వాటిలో ఏం కలిసిందో అమ్మేవాడికీ తెలియదు. బోరాక్స్‌తో చేసే స్లైమూ వద్దు. మెరిసే లైట్ల బొమ్మల్లోని గుండీ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికే వస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో అలాంటివి ఉంచకండి. కత్తెర మొన మొద్దుగా ఉన్నది చూసుకోండి.

ఇక అక్షరాల సంగతి. మన లిపి గుండ్రన. ఆ వంపులు పెన్సిలుతో కంటే దారంతో బాగా పట్టుబడతాయి. షోలాపూరు మగ్గాల ఇళ్లలో తెగిన దారానికి కొదవే లేదు. మిగతావాళ్లు దర్జీ దగ్గర అడిగినా సరిపోతుంది, లావుగా ఉంటే ఇంకా మంచిది. ఇంట్లో తెలుగు రాయడం వచ్చినవాళ్లు తరచు అవ్వా తాతలే. వాళ్లు అట్టమీద అరచేయంత అక్షరం గీస్తే, దాని మీద పిల్లలు జిగురు రాసి దారం అంటిస్తారు. చెయ్యి ఎక్కడ మొదలుపెట్టాలో అక్కడ ఒక బొట్టుబిళ్ల పెట్టండి. ఆరాక కళ్లు మూసుకుని వేలితో తడిమి ఏ అక్షరమో చెప్పే ఆట ఆడవచ్చు. తలకట్టు, కొమ్ము, సుడి వేరే రంగు దారంతో అంటిస్తే గుణింతం అర్థమవుతుంది.

ఏ అక్షరాలతో మొదలుపెట్టాలన్నది మీరున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కర్ణాటకలో కన్నడం చదివే పిల్లలకు గ, న, ర, ల దాదాపు తెలిసిన ముఖాలే, వాటితో మొదలుపెడితే ధైర్యం వస్తుంది. క, త మాత్రం వేరుగా ఉంటాయి, వాటిని రెండు లిపుల్లో పక్కపక్కన అంటించండి. తమిళం చదివే పిల్లల చిక్కు వేరు. అక్కడ ఒకే అక్షరం క అనీ గ అనీ పలుకుతుంది, మనకు క, ఖ, గ, ఘ నాలుగూ కావాలి. గద, గంట, కాకి, కత్తి లాంటి బొమ్మలు పక్కన వేయిస్తే చెవి కుదురుతుంది. మహారాష్ట్ర, ఒడిశాల్లో బడి లిపి రూపమే వేరు కనుక పోలికలు వెతక్కండి, సున్నతో మొదలుపెట్టి ర, ఠ, గ ఇలా వెళ్లండి.

బంగాళాదుంప అచ్చులు పిల్లలకు సరదాగా ఉంటాయి. కానీ అక్షరాన్ని అద్దంలో కనబడినట్టు తిప్పి చెక్కాలి, తెలుగులో అది పెద్దలకే కష్టం. ప్లాస్టిక్ ఫైలు అట్టను కోసి స్టెన్సిల్ చేయడం నయం. సున్న కోసేటప్పుడు చుట్టూ ఒకేసారి కోస్తే లోపలి ముక్క రాలిపోతుంది, రెండు చోట్ల సన్నని వంతెన వదలాలి.

రేకు బిస్కెట్ల డబ్బాలో రంగులు, కాగితాలు పరుపు కింద. ఏ డబ్బాలో ఏముందో పైన తెలుగులో పిల్లల చేతే చీటీ రాయించి అంటించండి: కత్తెర, జిగురు, కుంచె, దారం. కత్తెరలో ద్విత్వం, కుంచెలో సున్న, దారంలో దీర్ఘం వస్తాయి. దసరాకు కొలువు పెట్టే ఇళ్లలో బొమ్మల ముందు పేరు చీటీలు కూడా ఆ పెట్టెలోంచే రావచ్చు. మూడంగుళాల పొడవు, రెండంగుళాల వెడల్పు అట్ట ముక్కలు ఇప్పుడే కోసి పక్కన పెట్టుకుంటే పండుగ రోజుల్లో హడావిడి ఉండదు.