సంఘము పుట్టినదా, దొరికినదా?
(‘ఫౌండ్’ అను ఆంగ్లక్రియ ప్రయోగమును గూర్చి)



నేడు మీతో ఒక చిన్న ఆంగ్లపదమును గూర్చి ముచ్చటింప దలచితిని. పల్లెపట్టున నుండు మనకు ఆంగ్లవ్యాకరణముతో పనియేమని మీలో కొందరనుకొనవచ్చును. కాని సహకారసంఘపు కాగితములమీదను, బడి గుమ్మముమీదను, ధర్మకర్తల యర్జీలలోను, గ్రంథాలయపు శిలాఫలకముమీదను ఈ పదము వచ్చి కూర్చున్నది. అది తప్పుగా కూర్చున్నచో మన పెద్దలు చేసిన పని యొకటి, లోకము చదువునది మరియొకటి యగును. ఈ తప్పులో నాకును పాలు కలదు. ఆ సంగతి చివర చెప్పుకొందును.

ఆ పదము ‘ఫౌండ్’. స్థాపించుట యని దాని యర్థము. స్థాపించెను అనుటకు ‘ఫౌండెడ్’ అనియు, స్థాపింపబడెను అనుటకు ‘వాజ్ ఫౌండెడ్’ అనియు వ్రాయవలెను. సూత్రమింతే. చిక్కెక్కడ వచ్చినదనగా, ఆంగ్లమున ‘ఫైండ్’ అను వేరొక క్రియ కలదు. కనుగొనుట యని దాని యర్థము. దాని భూతకాలరూపము ‘ఫైండెడ్’ కాదు, ‘ఫౌండ్’. కావున ఒకదాని మూలరూపమును, రెండవదాని భూతరూపమును చెవికిని కంటికిని ఒక్కటే యైనవి. చూడగనే భూతకాలమువలె దోచు మాటకు మరల ‘ఎడ్’ తగిలించుట యేల యని మనవారు దానిని విడిచివేయుదురు. విడిచినతోడనే ‘మా సంఘము ఫలానా యేట స్థాపింపబడెను’ అనవలసినది ‘ఫలానా యేట దొరికెను’ అని యగును.

సంస్కృతము చదివినవారికి ఇది వింత గాదు. ధాతుపాఠమున ‘విద్’ అను ధాతువు జ్ఞానార్థమున నొకచోట, సత్తార్థమున నొకచోట, లాభార్థమున నొకచోట, విచారణార్థమున మరియొకచోట పఠింపబడినది. మొదటిది ‘వేత్తి’ యగును, రెండవది ‘విద్యతే’, మూడవది ‘విందతి’. రూపమును చూచి ధాతువును, ధాతువును బట్టి యర్థమును గ్రహించుచున్నాము గదా. అట్లే ఇచ్చటను ‘ఎడ్’ అను రెండక్షరములే ధాతువును చూపు గుర్తు.

అంతదూరము పోనేల, మన తెలుగున ‘కను’ అను మాట లేదా? ‘కుంతి కర్ణుని గనెను’ అన్నచో ప్రసవించెననియు కావచ్చును, విద్యాప్రదర్శనరంగమున చూచెననియు కావచ్చును. సందర్భమే దిక్కు. ఆంగ్లేయుల కీ యిబ్బంది లేదు. పుట్టించినదానికొక రూపము, కనుగొన్నదానికొక రూపము వారు వేరుగా నుంచుకొనిరి. ఆ భేదమును చెరుపుచున్నవారము మనము.

కర్ణుని మాట వచ్చినది గనుక చెప్పుదును. కుంతి కన్నది, అధిరథుడు కనుగొన్నది ఒక్క శిశువునే. నదిలో కొట్టుకొని వచ్చి దొరికిన యట్టి బిడ్డకు ఆంగ్లమున ‘ఫౌండ్లింగ్’ అని పేరు. ఇది ‘ఫైండ్’ నుండి పుట్టిన మాట. లండను నగరమున వీథులలో విడువబడిన శిశువులు చచ్చుచుండుట చూడజాలక థామస్ కోరమ్ అను నోడనాయకుడు పెక్కేండ్లు ప్రభువుల గుమ్మములు త్రొక్కి, 1739లో రెండవ జార్జి రాజువలన శాసనము పొంది, అట్టివారికై యొక యాశ్రమమును నెలకొల్పెను. 1741లో మొదటి బిడ్డలను చేర్చుకొనిరి. దాని పేరు ‘ఫౌండ్లింగ్ హాస్పిటల్’. ఆకాలమున ‘హాస్పిటల్’ అనగా వైద్యశాలయే కానక్కరలేదు, ఆశ్రయమిచ్చు చోటనియు నర్థము. ఇప్పుడీ వాక్యమును చూడుడు: ‘ది ఫౌండ్లింగ్ హాస్పిటల్ వాజ్ ఫౌండెడ్ ఇన్ 1739.’ ఒక్క వాక్యములో రెండు క్రియలును ప్రక్కప్రక్కన నిలిచినవి. బిడ్డలు దొరికినవారు, ఆశ్రమము స్థాపింపబడినది. ‘ఎడ్’ తీసివేసినచో ఆశ్రమమును బిడ్డలతోపాటు వీథిలో దొరికినదే యగును!

ఈ రెండు మాటలకును చుట్టరికమేమియు లేదు. ‘ఫైండ్’ ఆంగ్లేయుల యింటిమాట. వారి దాయాదులైన జర్మనులు నేటికిని ‘ఫిండెన్’ అందురు. ‘ఫౌండ్’ లాటినున పుట్టి ఫ్రెంచివారి యింట పెరిగి వచ్చినది. లాటినున ‘ఫుండుస్’ అనగా అడుగు, నేల. పునాదికి ‘ఫౌండేషన్’ అనుటయు, మూలధనమునకు ‘ఫండ్’ అనుటయు దానినుండియే. ఓడ మునుగుటకు ‘ఫౌండర్’ అను క్రియ కలదు. అదియు అడుగునకు పోవుటయే. స్థాపకునకును ‘ఫౌండర్’ అనియే పేరు. కొన్ని సంఘముల చరిత్ర చూడగా ఈ పోలిక యూరకే రాలేదేమో యనిపించును. లోహమును పోతపోయు ‘ఫౌండ్రీ’ మాత్రము వేరు వంశము, పోయుట యను నర్థముగల మరియొక లాటిను ధాతువునుండి వచ్చినది.

ప్రయోగమున మరి రెండు మాటలు. ‘ఫౌండ్’ సకర్మకక్రియ. సంఘము తనంతట ‘ఫౌండెడ్’ కాదు, ఎవరో చేయవలెను. కావున ‘వాజ్’ విడువరాదు. ఏటిని చెప్పునప్పుడు ‘ఇన్’ అనవలెను గాని, నాటినుండి యను నర్థముగల ‘సిన్స్’ వాడరాదు. ఏలనగా స్థాపన యొకనాటి పని, నడచుట దినదినపు పని. ఆంధ్రపత్రికను కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిరి. 1914లో మద్రాసున అది దినపత్రిక యయ్యెను. ‘ఫౌండెడ్’ అను మాట 1908కే చెల్లును. రెండవదానికి ‘బికేమ్’ చాలును. సంఘము పుట్టిన యేడును, రిజిస్టరైన యేడును వేరైనచో, ‘ఫౌండెడ్’ మొదటిదానికి, ‘రిజిస్టర్డ్’ రెండవదానికి. శాఖను తెరచినచో ‘ఓపెన్డ్’. ‘ఫౌండెడ్’ అనుటకు జంకువారు ‘ఎస్టాబ్లిష్డ్’ అని వ్రాసికొనవచ్చును. అది యెవరిని మోసగింపదు.

ఇక నా పాలు. మా గ్రంథాలయమున కేబది యేండ్లు నిండినప్పుడు యువకులు ఆంగ్లమున శిలాఫలకము చెక్కింప బూని, చిత్తుప్రతి నాకు చూపిరి. నేను పేరులోని యక్షరములను, సంవత్సరమును సరిచూచి, క్రింద సంతకము చేసితిని. తెర తీసిననాడు అందరితోపాటు నేనును చదివితిని. ‘వాజ్ ఫౌండ్ బై’ అని యున్నది. తన పెంకుటింటి వసారా నిచ్చి, ఇరుగుపొరుగు గ్రామములు తిరిగి పుస్తకములు మోసితెచ్చి దానిని నెలకొల్పిన వృద్ధుడు నా ప్రక్కనే నిలిచియుండెను. ఆయనకు ఆంగ్లము రాదు. “పంతులుగారూ, నన్ను గురించి ఏమని రాశారు?” అని యడిగెను. దాచుటకు నోరాడలేదు. “ఈ గ్రంథాలయము మీకు దొరికినదని యున్నదండీ” అంటిని.

ఆయన కొంతసేపు ఆ రాతిని చూచి, “పోతే గదండీ, దొరకడానికి!” అనెను.

మరునాడు శిల్పిని పిలిపించితిని. మాటల నడుమ చోటు లేదు. ‘ఇ’, ‘డి’ అను రెండక్షరములను పైన చిన్నవిగా నెక్కించి, క్రింద కాకిపాదము చెక్కెను. నేటికిని అట్లే యున్నవి. ఆ రెండక్షరముల కూలి నేనే యిచ్చుకొంటిని.