ఒక్క వెబ్‌సైటు మాత్రమే మందగించినపుడు

గ్రామ పరిపాలనలో కంప్యూటరునకు నేడు స్థిరమైన స్థానము ఏర్పడినది. పంచాయతీల ప్రణాళికలను, జమాఖర్చులను నమోదు చేయుటకై ఈ-గ్రామస్వరాజ్ 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభింపబడినది. విద్యార్థుల ఉపకార వేతనములు, భూముల వివరములు, ధ్రువపత్రములు మున్నగు పనులు పెక్కు వెబ్‌సైట్ల ద్వారముననే నడచుచున్నవి. పగలు తెమలని పనిని పలువురు సభ్యులు రాత్రివేళ తమ యింటి కంప్యూటరుపై పూర్తి చేసికొనుచున్నారు. ఇరుగుపొరుగువారును తమ దరఖాస్తులతో వారి యింటికే వచ్చుచున్నారు. ఇట్టి సమయమున ఇతర వెబ్‌సైట్లన్నియు చక్కగా తెరచుకొనుచుండగా, కావలసిన ఆ ఒక్కటి మాత్రము కదలక మెదలక నిలిచిపోవుట కలదు. అప్పుడు ఏమి చేయవలెనో, ముఖ్యముగా ఏమి చేయరాదో తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇటీవల మేము ఒక గ్రామమునకు వెళ్ళినపుడు అచ్చటి వార్డు సభ్యురాలు తమ కష్టమును మాకు చెప్పిరి. ఆమె కుమార్తె డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది. ఉపకార వేతనపు దరఖాస్తునకు గడువు ఇంక నాలుగు దినములే యున్నది. దరఖాస్తు నింపవలసిన వెబ్‌సైటు వారి కంప్యూటరుపై తెరచుకొనుటకు మూడు నాలుగు నిమిషములు పట్టుచున్నది; ఒక్కొక్కపుడు తెల్లని తెర తప్ప మరేమియు కనిపించుట లేదు. ఫోనులో ప్రయత్నించినను అదే స్థితి. పట్టణములోని దుకాణదారు కంప్యూటరు పాతబడినదనియు, క్రొత్తది కొనవలసినదే యనియు చెప్పెనట. అందుకై ఇంటనున్న రెండు పాడిగేదెలలో ఒకదానిని అమ్ముటకు బేరము కూడ కుదుర్చుకొనిరి.

"మిగతావన్నీ చిటికెలో వస్తున్నాయి కదమ్మా! కంప్యూటరు ముసలిదైతే అవి మాత్రం ఎట్లా వస్తాయి?" అని ఆ బాలిక తల్లిని అడిగినది. ఆ ప్రశ్నలోనే సగము సమాధానము ఇమిడియున్నది.

కాలువ గట్టు వెంట నడచినట్లు

కాలువ నీరు అన్ని మడులకును పారి ఒక్క మడికి మాత్రము పారకున్నచో, రైతు చెరువును నిందింపడు. గట్టు వెంట నడచి, ఎచ్చట అడ్డు పడినదో చూచును. మడి గండి మొదలు పిల్లకాలువ, పెద్దకాలువ, తూము వరకు ఒక్కొక్క చోట ఆగి, "ఇచ్చటి వరకు నీరు వచ్చినది, ఇచ్చటినుండి రాలేదు" అని నిర్ణయించుకొనును. వెబ్‌సైటు విషయమునను పద్ధతి ఇదియే.

మనము వెబ్‌సైటు పేరును కొట్టిన క్షణమునుండి పుట తెరపైకి వచ్చులోపల ఐదు మజిలీలు కలవు. మొదటిది బ్రౌజరు, రెండవది కంప్యూటరు, మూడవది ఇంటిలోని రౌటరు, నాలుగవది ఇంటర్నెట్టు సరఫరాదారుల మార్గము, ఐదవది ఆ వెబ్‌సైటు నివసించు సర్వరు. ఇతర వెబ్‌సైట్లు బాగుగా వచ్చుచున్నవనగా కంప్యూటరు బలమునకును, లైను వేగమునకును సామాన్యముగా లోపము లేదన్నమాట. కావున క్రొత్త కంప్యూటరు కొనుటకును, ఎక్కువ వేగము గల పథకమునకు డబ్బు కట్టుటకును తొందరపడరాదు.

ఒక ప్రశ్న, మూడు పరీక్షలు

వైద్యుడు రోగిని మొదట అడుగునది "ఎప్పటినుండి?" అని. మనమును అట్లే అడుగవలెను. ఎప్పటినుండి మందగించినది? దానికి ముందు ఇంటిలో ఏమి మారినది? ఏ వేళలందు మందగించుచున్నది? ఆ యింట ఈ ప్రశ్న వేయగా, రెండు నెలల క్రిందట పిడుగుపాటునకు పాత రౌటరు చెడిపోగా క్రొత్తది పెట్టిరనియు, ఆ వెబ్‌సైటు అంతకు ముందు బాగుగనే వచ్చెడిదనియు తెలిసినది.

మొదటి పరీక్ష: అదే వెబ్‌సైటును బ్రౌజరు యొక్క ఆంతరంగిక కిటికీలో తెరచి చూడవలెను. క్రోమ్, ఎడ్జ్ బ్రౌజర్లలో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ అను మూడు మీటలను కలిపి నొక్కిన ఈ కిటికీ వచ్చును. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి నొక్కవలెను. ఈ కిటికీ పాత నిలువలను వాడుకొనదు. అదనపు పరికరములు, అనగా ఎక్స్‌టెన్షన్లు, సామాన్యముగా ఇందులో పనిచేయవు. ఇచ్చట వెబ్‌సైటు వేగముగా వచ్చినచో దోషము బ్రౌజరులో నున్నట్లే.

రెండవ పరీక్ష: అదే యింటి వైఫై మీద మరొక పరికరముతో, అనగా ఫోనుతోనో పొరుగువారి కంప్యూటరుతోనో తెరచి చూడవలెను. అచ్చటను మందగించినచో మన కంప్యూటరు నిర్దోషి.

మూడవ పరీక్ష: ఫోనులో వైఫైని ఆపి, ఫోను కంపెనీ డేటాతో అదే వెబ్‌సైటును తెరువవలెను. హాట్‌స్పాట్ ద్వారా ఆ డేటాను కంప్యూటరునకును ఇచ్చి చూడవచ్చును. ఇప్పుడు వేగముగా వచ్చినచో దోషము ఇంటి లైనులోనో రౌటరులోనో కలదు. ఇప్పుడును మందగించినచో దోషము బహుశః వెబ్‌సైటు వద్దనే యున్నది.

ఆ యింటివారు ఫోనుతో ప్రయత్నించిన మాట నిజమే. కాని ఫోను అప్పుడు ఇంటి వైఫై మీదనే యున్నది. ఫోనును పాతదే గదా యని వారు సరిపెట్టుకొనిరి. వైఫైని ఆపి చూడగా పుట కొద్ది సెకన్లలోనే తెరచుకొన్నది. ఆ రాత్రియే ఫోను డేటాను కంప్యూటరునకు ఇచ్చి ఆ బాలిక దరఖాస్తును పూర్తిచేసి, రసీదును దాచుకొన్నది. గడువు గల పని ఉన్నపుడు ముందుగా పనిని గట్టెక్కించుకొని, పిదప దోషమును వెదకుట మేలు.

దోషము బ్రౌజరులో నున్నచో

ఒకసారి చూచిన పుటల భాగములను బ్రౌజరు దాచియుంచుకొనును. ఆ నిలువ చెడినచో పుట తడబడును. కంట్రోల్, ఎఫ్5 మీటలను కలిపి నొక్కినచో బ్రౌజరు నిలువను విడిచి పుటను క్రొత్తగా తెచ్చుకొనును. అప్పటికిని కుదరనిచో ఆ ఒక్క వెబ్‌సైటునకు సంబంధించిన నిలువను, కుకీలను తొలగింపవలెను. అన్ని వెబ్‌సైట్ల నిలువలను ఒక్కసారిగా తుడిచివేయుట అనవసరము. కుకీలను తొలగించినచో మరల లాగిన్ కావలసియుండును. కావున సంకేతపదము జ్ఞాపకమున్నదో లేదో ముందుగా చూచుకొనవలెను. సగము నింపిన దరఖాస్తు తెరపై నున్నపుడు ఈ పనికి పూనుకొనరాదు.

తరువాత ఎక్స్‌టెన్షన్లను ఒక్కొక్కదానినే ఆపి చూడవలెను. ప్రకటనలను అడ్డగించునవి, ధరలను పోల్చునవి కొన్ని వెబ్‌సైట్లతో పొసగవు. వీపీఎన్ వాడుచున్నచో దానిని ఆపి చూడవలెను. ఏ మార్పునైనను ఒక్కసారి ఒక్కటే చేయవలెను. నాలుగింటిని ఒకేసారి మార్చినచో వెబ్‌సైటు బాగుపడినను కారణమేదో తెలియదు.

దోషము లైనులో నున్నచో

ఇచ్చట రెండు విషయములను తెలిసికొనవలెను. మొదటిది పేరు, సంఖ్యల సంగతి. చేనును మనము "మామిడితోపు చేను" అని పిలుతుము. రికార్డులో అది సర్వే నంబరుతో నుండును. అట్లే వెబ్‌సైటునకు మనము వాడునది పేరు. యంత్రములు వాడునది సంఖ్య. పేరును సంఖ్యగా తెలుపు ఏర్పాటును డీఎన్ఎస్ అందురు. దీనిని 1983లో పాల్ మొకపెట్రిస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు రూపొందించెను. ఆ సమాధానము ఆలస్యముగా వచ్చినను, పాత సంఖ్య వచ్చినను వెబ్‌సైటు మందగించును. అప్పుడు కంప్యూటరులోని డీఎన్ఎస్ అమరికలో 8.8.8.8 గాని 1.1.1.1 గాని వ్రాసి చూడవచ్చును. పాత అమరికను కాగితముపై వ్రాసియుంచుకొని, ప్రయోజనము లేకున్నచో మరల దానినే పెట్టవలెను.

రెండవది మూటల పరిమాణము. వెబ్‌సైటునుండి సమాచారము ఒకే ప్రవాహముగా గాక చిన్న చిన్న మూటలుగా వచ్చును. సామాన్యముగా ఒక్కొక్క మూట 1500 బైట్ల వరకు ఉండవచ్చును. కాని వినియోగదారుని పేరు, సంకేతపదము సరిచూచు పీపీపీఓఈ అను పద్ధతి గల లైనులలో ఆ పద్ధతి గుర్తులకే 8 బైట్లు పోవును, మిగులునది 1492. ద్వారము కంటె వెడల్పయిన గడ్డిబండి వచ్చినచో కావలివాడు "మోపు తగ్గించి పంపుడు" అని వెనుకకు కబురు చేయును. పెక్కు వెబ్‌సైట్లు ఆ కబురు విని మూటను తగ్గించును. కొన్ని వెబ్‌సైట్లు భద్రతకై పెట్టుకొన్న కట్టడి ఆ కబురునే అడ్డగించును. అప్పుడు వెబ్‌సైటు అదే పెద్ద మూటను మరల మరల పంపుచుండును. మన తెర తెల్లగనే యుండును.

ఆ సభ్యురాలి యింట జరిగినదియు ఇదియే. ఇంటర్నెట్టు సరఫరాదారుని సాంకేతిక ఉద్యోగి వచ్చి పరీక్షింపగా 1492 బైట్ల మూట పోయినది. 1500 బైట్ల మూట పోలేదు. క్రొత్త రౌటరులో ఈ అమరికను సరిచేయుట మరచిరి. ఆయన దానిని 1492గా సరిచేసి, అంతకు మించిన మూటలు పంపవద్దని రౌటరే మొదటనే వెబ్‌సైటునకు తెలియజేయునట్లు అమర్చెను. పది నిమిషముల పని, ఖర్చు లేదు.

దోషము వెబ్‌సైటు వద్దనే యున్నచో

గడువు చివరి దినమున వేలాది మంది ఒకేసారి వచ్చుటవలన సర్వరు తడబడుట సామాన్యము. అప్పుడు మన యింట ఏ అమరికను మార్చినను ప్రయోజనము లేదు. తెల్లవారుజామున ప్రయత్నించుట, చివరి దినము వరకు వేచియుండకుండుట ఇందుకు మందు. దరఖాస్తు పంపు మీటను పదే పదే నొక్కరాదు. అది భారమును పెంచును, ఒక్కొక్కపుడు రెండు దరఖాస్తులు పడును.

దూరమును ఒక కారణమే. గాజుతీగలో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోవును. సర్వరు 13,000 కిలోమీటర్ల దూరమున నున్నచో రానుపోను 26,000 కిలోమీటర్లకు 0.13 సెకను పట్టును. ఒక్క పుటకు ఇట్టి రాకపోకలు పదులకొలది అవసరమైనచో జాప్యము కొన్ని సెకన్లకు పెరుగును. ఎంత వేగముగల పథకమును కొన్నను ఈ దూరము తగ్గదు.

ఫిర్యాదు చేయు విధము

"నెట్టు రావడము లేదు" అను ఫిర్యాదునకు "మా లైను బాగుగనే యున్నది" అను సమాధానమే వచ్చును. ఇట్లు వ్రాయవలెను: ఏ వెబ్‌సైటు, ఏ తేదీన, ఏ గంటకు, ఎన్ని సెకన్లు పట్టినది, ఇంటి వైఫై మీద రెండు పరికరములలోను మందగించినది, ఫోను డేటాపై వేగముగా వచ్చినది. ఈ నాలుగు ముక్కలున్నచో ఉద్యోగి నేరుగా తగిన చోటికే చూపు సారించును. కంప్యూటరులో ట్రేసర్ట్ అను ఆదేశము మార్గములోని మజిలీలను వరుసగా చూపును. దాని ఫలితమును జతపరచవచ్చును. అందులో ఒకటి రెండు చోట్ల చుక్క గుర్తులు వచ్చినంతమాత్రమున దోషమని భావింపరాదు. కొన్ని యంత్రములు బదులు చెప్పకయే మూటలను ముందునకు పంపును.

మరొక హెచ్చరిక. వెబ్‌సైటు మందగించినపుడు తెరపై "మీ కంప్యూటరు చెడినది, ఈ నంబరునకు ఫోను చేయుడు" అని కనిపించినచో నమ్మరాదు. అపరిచితునికి కంప్యూటరును దూరమునుండి నడుపు అధికారము ఈయరాదు. మోసపోయి డబ్బు పోగొట్టుకొన్నవారు ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పంచాయతీ సభ్యులు గ్రామములో పదిమందికి సలహా చెప్పువారు. తమ యింట ఈ పరీక్షలను ఒకసారి చేసి చూచినచో రేపు పొరుగింటివారి సొమ్మును కాపాడగలరు. మేము ఆ గ్రామము విడిచి వచ్చు నాటికి గేదె బేరము రద్దయినది. బయానాగా పుచ్చుకొన్న సొమ్మును వారు తిరిగి యిచ్చివేసిరి.