మత్తు కథ.. ప్రేక్షకుల్లో భిన్నాభిప్రాయాలు

వ్యసనాన్ని చూపే ధారావాహిక యువతను హెచ్చరిస్తుందా, పెడదోవ పట్టిస్తుందా? అమెరికాలో హెచ్‌బీవో ప్రసారం చేసిన 'యుఫోరియా'పై 2022లో ఈ చర్చ ముమ్మరంగా సాగింది. ఫిబ్రవరి 6న వచ్చిన రెండో సీజన్‌ ఐదో భాగంలో, మత్తుమందులు తనకు దక్కకుండా పోయాయని తెలిసిన రూ అనే యువతి తల్లిపైనే విరుచుకుపడుతుంది. ఈ ధారావాహిక మత్తును ఆకర్షణీయంగా చూపుతోందని 'డేర్‌' అనే మాదకద్రవ్య వ్యతిరేక సంస్థ అంతకుముందే ఆక్షేపించింది. వ్యసనాన్ని అనుభవించిన కుటుంబాల వారు పలువురు మాత్రం తమ ఇంటి బాధనే తెరపై చూశామన్నారు. రూ పాత్ర పోషించిన జెండాయాకు అదే ఏడాది ఎమ్మీ పురస్కారం లభించింది.

ఆ ఆగ్రహం వెనుక శారీరక కారణముంది. మత్తుకు అలవాటుపడిన శరీరానికి అది ఒక్కసారిగా అందకపోతే వణుకు, వాంతులు, ఒళ్లునొప్పులు, నిద్రలేమి, తీవ్ర ఆందోళన కలుగుతాయి. మన పల్లెల్లో కనిపించే మద్య వ్యసనానికీ ఇది వర్తిస్తుంది. ఏళ్ల తరబడి అతిగా తాగినవారు హఠాత్తుగా మానేస్తే మూర్ఛలు వచ్చి ప్రాణాపాయం కూడా కలగవచ్చు. కనుక దీనిని పొగరుగా భావించి కొట్టడం, గదిలో బంధించడం తగదు. వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి. సలహాల కోసం కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు 14446ను సంప్రదించవచ్చు.