అడవుల్లో పరాయి మొక్కల లెక్క: బడి పిల్లల సర్వే ఎందుకు, ఎలా?

ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల భూస్వరూపం ఒకే విధంగా ఉండదు. జనగామ చెరువులతో కూడిన మెట్ట ప్రాంతం. మహబూబాబాద్ జిల్లాలోని గూడూరు, కొత్తగూడ వైపు పాకాల అభయారణ్యానికి చెందిన అడవులున్నాయి. భూపాలపల్లి జిల్లాలో మహదేవపూర్ అడవులు గోదావరి తీరం వరకు వ్యాపించి ఉన్నాయి. అయినప్పటికీ విదేశాల నుంచి వచ్చి స్థానిక వృక్షజాలాన్ని అణగదొక్కుతున్న మొక్కల బెడద ఈ మూడు జిల్లాలకూ ఉమ్మడి సమస్యే. ఇవి ఎక్కడ, ఎంత మేరకు విస్తరించాయో నమోదు చేయడంలో పాఠశాల విద్యార్థులు విలువైన పాత్ర పోషించగలరు.

వచ్చిన దారి

ఈ మొక్కల్లో చాలా వరకు మనుషులు తెచ్చినవే. సర్కారు తుమ్మను 1870వ దశకంలో వంటచెరకు కోసం కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. ఎవరు తెచ్చారో దాని పేరే చెబుతుంది. లంటానా 19వ శతాబ్దం ఆరంభంలో అలంకరణ మొక్కగా కలకత్తా చేరింది. వయ్యారిభామ ఉనికి 1950వ దశకంలో పుణె వద్ద వెల్లడై, అనంతరం దేశమంతటా వ్యాపించింది.

జీవవైవిధ్యంపై ఏర్పాటైన అంతర్జాతీయ ప్రభుత్వాల వేదిక 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం, మానవ కార్యకలాపాల వల్ల ప్రపంచవ్యాప్తంగా 37,000కు పైగా జాతులు కొత్త ప్రాంతాలకు చేరాయి. వాటిలో 3,500కు పైగా హానికరమైనవి. ఇటువంటి జాతుల ప్రవేశాన్ని, స్థిరపడటాన్ని 2030 నాటికి కనీసం సగానికి తగ్గించాలని 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు లక్ష్యంగా నిర్ణయించుకున్నాయి.

జీవనోపాధిపై ప్రభావం

లంటానా పొదలు దట్టంగా అల్లుకున్న చోట గడ్డి తగ్గుతుంది, చెట్ల కింద మొలకలు ఎదగలేవు. పశువుల మేతకు అడవిపై ఆధారపడే గ్రామాలకు, వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు సేకరించే కుటుంబాలకు ఇది నేరుగా సంబంధించిన విషయం. నాలుగైదు మొక్కలున్న దశలో తొలగించడం సులభం. అవి పొదలుగా మారి ఎకరాల కొద్దీ అల్లుకున్న తర్వాత వ్యయం, శ్రమ అనేక రెట్లు పెరుగుతాయి. కనుక తొలి దశలోనే గుర్తించడం కీలకం. బీట్ అధికారి ఒక్కరే ప్రతి గట్టునూ, ప్రతి బాటనూ తరచుగా చూడటం సాధ్యం కాదు. ఆ దారుల్లో నిత్యం తిరిగేది గ్రామంలోని పిల్లలే.

పిల్లల లెక్కను నమ్మవచ్చా?

అమెరికాలో న్యూజెర్సీ నుంచి మెయిన్ వరకు తీరం వెంబడి 52 చోట్ల సుమారు 1,000 మంది స్వచ్ఛంద పరిశీలకులు స్థానిక పీతలను, విదేశీ పీతలను లెక్కించారు. 2008లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం మూడో తరగతి విద్యార్థులు 80 శాతం, ఏడో తరగతి విద్యార్థులు 95 శాతం కచ్చితత్వంతో జాతులను గుర్తించగలిగారు. సులభంగా పోల్చుకోగల కొద్ది జాతులను ఎంచుకుని, ముందుగా శిక్షణ ఇస్తే పిల్లల సమాచారం ఉపయోగపడుతుందని దీన్నిబట్టి స్పష్టమవుతోంది.

ఇక్కడ కూడా పొరపాటుకు ఆస్కారమున్న మొక్కలను ముందే పక్కపక్కన చూపాలి. నల్లతుమ్మ పూలు పసుపు రంగులో గుండ్రంగా ఉంటాయి. సర్కారు తుమ్మ పూలు పొడవైన కంకులుగా వస్తాయి. లేత వయ్యారిభామ ఆకు చేమంతిని, వినాయక చవితి పత్రిలో వాడే మాచిపత్రిని పోలి ఉంటుంది. విస్తారంగా కనిపించినంత మాత్రాన తంగేడు పరాయి మొక్క కాదు.

సర్వే విధానం

ఊరి సమీపంలో అర కిలోమీటరు బాటను ఎంచుకుని, ప్రతి 50 మీటర్లకు ఒకచోట తాడుతో ఐదు మీటర్ల చదరాన్ని గుర్తించాలి. అందులో ఎంచుకున్న ప్రతి జాతి ‘లేదు’, ‘కొద్దిగా’, ‘సగం వరకు’, ‘సగానికి మించి’ అన్న నాలుగు స్థాయిల్లో ఏ మేరకు ఉందో రాయాలి. తేదీ, ఫోన్‌లో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, ఆకు, పువ్వు ఫోటోలు జతచేయాలి. ‘లేదు’ అన్న నమోదు కూడా అంతే ముఖ్యం. మరుసటి ఏడాది అక్కడే మొక్క కనిపిస్తే, అది కొత్తగా వచ్చిందని తెలిసేది దానివల్లనే. వర్షాకాలంలో ఒకసారి, చలికాలం చివర మరోసారి అదే బాటలో సర్వే జరపాలి.

పీకడం పిల్లల పని కాదు. వయ్యారిభామ చర్మవ్యాధులకు, ఉబ్బసానికి కారణమవుతుంది కనుక దానిని తాకరాదు. రిజర్వు అడవిలో, అభయారణ్యంలో అనుమతి లేకుండా ప్రవేశించరాదు. ఉపాధ్యాయుడు, అటవీ సిబ్బంది వెంట లేనిదే సర్వే జరపరాదు. విద్యార్థుల పేర్లు, ముఖచిత్రాలు బహిరంగ వేదికల్లో ఉంచరాదు.

సమాచార వినియోగం

2001-02లో ప్రారంభమైన జాతీయ హరిత దళం కింద 30 నుంచి 50 మంది విద్యార్థులతో పాఠశాలల్లో ఎకో క్లబ్బులు ఏర్పాటయ్యాయి. 1993 నుంచి జరిగిన జాతీయ బాలల విజ్ఞాన సదస్సులు స్థానిక సమస్యలపై ప్రాజెక్టులను ప్రోత్సహించాయి. ఆ అనుభవం ఈ సర్వేకు పునాది కాగలదు. జీవవైవిధ్య చట్టం-2002 ప్రకారం స్థానిక సంస్థల్లో ఏర్పడే జీవవైవిధ్య నిర్వహణ కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లను రూపొందించవలసి ఉంది. అటవీ సిబ్బంది సరిచూసిన పిల్లల వివరాలను ఈ రిజిస్టర్లలో చేర్చి, ప్రతిని రేంజ్ కార్యాలయానికి పంపితే తొలగింపు పనులకు ప్రాధాన్యక్రమం నిర్ణయించడం సులువవుతుంది.

తాము గుర్తించిన పొదపై ఏ చర్య తీసుకున్నారో తిరిగి ఆ పాఠశాలకు తెలియజేయడం అధికారుల బాధ్యత. ఆ సమాధానం అందినప్పుడే మరుసటి ఏడాది విద్యార్థులు అదే శ్రద్ధతో తాడు పట్టుకుని బాటకు వస్తారు.