మాత్రతో చెమట పోస్తోందా? సొంతంగా మానేయొద్దు

వనపర్తి: కుదురుగా కూర్చోలేక, దేనిపైనా మనసు నిలపలేక ఇబ్బందిపడే ఏడీహెచ్‌డీ బాధితులకు వైద్యులు మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్ వంటి ఔషధాలు రాస్తుంటారు. వీటివల్ల కొందరికి చెమట అధికంగా పడుతుంది. మెదడులో ఏకాగ్రతను నిలిపే నార్‌ఎపినెఫ్రిన్‌ను పెంచే ఈ మందులు చెమట గ్రంథులను నడిపే నాడులనూ ప్రేరేపించడమే దీనికి కారణం.

వేసవిలో 40 డిగ్రీలు దాటే నడిగడ్డ, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో ఇది ఎండ ప్రభావమో, మందు ప్రభావమో తేల్చడం కష్టం. మాత్ర వేసిన వేళ, చెమట మొదలైన వేళ వారం రోజులపాటు నోటుపుస్తకంలో రాసి చూపిస్తే వైద్యుడికి సగం శ్రమ తగ్గుతుంది. ఫ్యాను కింద కూర్చున్నా మాత్ర వేసిన కొద్ది గంటల్లోనే చొక్కా తడిస్తే మందును అనుమానించాలి. థైరాయిడ్ పరీక్ష కూడా అవసరం కావచ్చు.

చెమటే కదా అని కొట్టిపారేయడం తగదు. తరగతిలో తోటివారి నవ్వులకు వెరచి మాత్ర మింగకుండా దాచే పిల్లలూ ఉంటారు. మోతాదు తగ్గించాలా, మందు మార్చాలా అన్నది మాత్రం వైద్యుడే నిర్ణయించాలి.

నూలు దుస్తులు, మంచినీరు, ఉప్పు వేసిన మజ్జిగ మేలు చేస్తాయి. టీ, కాఫీలు చెమటను పెంచుతాయి. పౌడరు తడిని పీలుస్తుందే తప్ప చెమటను ఆపదు.

చెమటతోపాటు తీవ్ర జ్వరం, తికమక, ఛాతీనొప్పి ఉన్నా, స్పృహ తప్పినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. ప్రభుత్వ వైద్య కళాశాలలు వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రారంభమయ్యాయి. సందేహాలుంటే 2022లో మొదలైన టెలీమానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.